తుంటి ఆపరేషన్ అయ్యాక అమ్మను ఎలా నడిపించాలి, వాకర్ ఎప్పుడు తీసేయాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. అమ్మగారికి 71 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. బాత్రూంలో జారిపడి ఎడమ తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి బైపోలార్ అనే కృత్రిమ తుంటి గుండు వేసి ఇవాళ్టికి 18 రోజులు. కుట్ల పిన్నులు తీసేశారు. వాకర్ పట్టుకుని పది అడుగులు వేసి, భయమేసి మంచం మీద కూలబడిపోతున్నారు. మీ పిన్నిగారేమో మూడు నెలలు మంచం దిగనివ్వొద్దంటున్నారు. అన్నయ్యేమో, పక్కింటాయన నెలకే వాకర్ పక్కన పెట్టేశాడు, అమ్మకు ఇంకా ఎందుకు అంటున్నారు. ఎవరి మాట వినాలని మీరు అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. ఈ పనిలో 22 ఏళ్ళు గడిచాయి, అందులో ఎక్కువ భాగం ఇళ్ళకు వెళ్ళి చేసిందే. ఇద్దరూ ప్రేమతోనే చెబుతున్నారు, కానీ ఇద్దరి మాటతోనూ అమ్మగారికి నష్టం జరగొచ్చు. ముందు పిన్నిగారి మాట గురించి చెబుతాను.

1994లో మా నాయనమ్మకు ఇలాగే విరిగింది. ఆపరేషన్ చేయించలేదు. మంచం కాళ్ళ వైపు ఇటుకలు వేలాడగట్టి ఆరు వారాలు పడుకోబెట్టారు. నడుము కింద పుండ్లు పడ్డాయి, ఛాతీలో కఫం చేరింది, తొడ కండ కరిగిపోయి కాలు కర్రలా అయింది. ఆవిడ మళ్ళీ లేవలేదు. అప్పుడు నేను స్కూల్లో చదువుకునేదాన్ని. ఆ మంచం పక్కన కూర్చున్న రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. ఈ వయసులో తుంటికి ఆపరేషన్ చేసేదే మనిషిని త్వరగా లేపడానికి. అంత ఆపరేషనూ చేయించి మళ్ళీ మంచానికే కట్టేస్తే చేయించిన ప్రయోజనం పోతుంది. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, నిమోనియా రావచ్చు, మలబద్ధకం వస్తుంది. వయసు మీదపడినవాళ్ళకు కండ పోయినంత తొందరగా తిరిగి రాదు.

బైపోలార్ అంటే, విరిగిన ఎముక తలను తీసేసి దాని చోట లోహపు గుండు పెడతారు. దాని కాడను తొడ ఎముక లోపలికి దింపుతారు. ఎముక అతుక్కునేదాకా ఆగాల్సిన పని ఇందులో లేదు. అందుకే మామూలుగా ఆపరేషన్ అయిన మర్నాడో, ఆ మర్నాడో నిలబెట్టి, ఓర్చుకోగలిగినంత బరువు ఆ కాలి మీద వేయమంటారు. లోపల రాడ్ వేసి స్క్రూలు బిగించిన ఆపరేషన్, అంటే పీఎఫ్‌ఎన్ లాంటిది అయితే లెక్క వేరు. అక్కడ ఎముక అతకాలి, ఎంత బరువు వేయాలో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. ఇది చదివే మిగతావాళ్ళు పక్కింటివాళ్ళతో పోల్చుకోకండి. అందరూ "తుంటి ఆపరేషన్" అనే అంటారు గానీ లోపల చేసింది ఒకటే కాకపోవచ్చు.

డాక్టరును తప్పకుండా అడగాల్సినవి రెండున్నాయి. పూర్తి బరువు వేయవచ్చా? కోత వెనక నుంచి చేశారా, పక్క నుంచా, ముందు నుంచా? ఆ జవాబులు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. వెనక నుంచి చేసిన ఆపరేషన్లలో గుండు తుంటి గూటిలోంచి జారిపోయే ప్రమాదం మొదటి నెలల్లో ఎక్కువ. అందుకే నడుము దగ్గర 90 డిగ్రీలకు మించి వంగొద్దని, కాలు మీద కాలు వేయొద్దని, పాదం లోపలికి తిప్పొద్దని చెబుతారు. ఆరు నుంచి పన్నెండు వారాల దాకా ఈ జాగ్రత్తలు పాటించమంటారు. పక్కకు తిరిగి పడుకుంటే రెండు మోకాళ్ళ మధ్య దిండు ఉండాలి.

ఇక అసలు విషయం. ఇన్నేళ్ళలో నేను చూసినంతలో, ఆపరేషన్ అయినవాళ్ళు హాల్లో తిన్నగా నడుస్తూ పడడం తక్కువ. ఎక్కువగా పడేది కుర్చీలోంచి లేచేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, కూర్చోబోయేటప్పుడు. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఇవాళ ఎన్ని అడుగులు వేసింది" అనే లెక్కపెడతారు. మీరు అడుగుల లెక్క పక్కన పెట్టి ఈ మూడింటి మీద పది రోజులు దృష్టి పెట్టండి. అమ్మగారి భయంలో సగం అక్కడే పోతుంది.

లేవడం ఇలా నేర్పండి. కుర్చీ అంచుకు జరగాలి. ఎడమ కాలు కొంచెం ముందుకు చాపి, కుడి పాదం కుర్చీ కిందికి లాక్కోవాలి. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి నొక్కి లేవాలి. పూర్తిగా నిలబడ్డాకే ఒక్కో చెయ్యి వాకర్ మీదికి రావాలి. దాదాపు అందరూ వాకర్‌నే పట్టుకుని లాగుతూ లేస్తారు. వాకర్ తేలిక కాబట్టి వెనక్కి ఒరిగి, మనిషితో సహా పడుతుంది. కూర్చునేటప్పుడు కాళ్ళ వెనక భాగానికి కుర్చీ తగిలేదాకా వెనక్కి అడుగులు వేయాలి. తగిలాక ఎడమ కాలు ముందుకు చాపి, చేతులతో కుర్చీ చేతులు అందుకుని మెల్లగా దిగాలి. కుర్చీ ఇంకా అడుగు దూరంలో ఉండగానే "వచ్చేశాంలే" అని కూలబడేవాళ్ళే ఎక్కువ. "తగిలిందా అమ్మా?" అని ప్రతిసారీ అడగండి. వారం గడిచేసరికి ఆవిడే చూసుకుంటారు.

ఆ కుర్చీ ఏదన్నది కూడా ముఖ్యమే. మెత్తటి సోఫా, కుంగిపోయిన నులక మంచం, నవారు మంచం వద్దు. కూర్చుంటే మోకాళ్ళు తుంటి కన్నా కిందే ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది, అదే ఉంటే గోడకు ఆనించి పెట్టండి. చేతులున్న చెక్క కుర్చీ అన్నిటికన్నా మంచిది. ఎత్తు చాలకపోతే గట్టి దూది పరుపు ముక్క వేసి కట్టండి.

తిరిగేటప్పుడు ఎడమ పాదం నేలకు ఆనించి దాని మీద ఒళ్ళు మెలితిప్పకూడదు. వాకర్‌ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, పాదాలు ఎత్తి చిన్న చిన్న అడుగులతో తిరగాలి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే గిరుక్కున తిరగడం మనందరికీ అలవాటే. ఇంట్లో అందరికీ చెప్పండి, ఆవిడను వెనక నుంచి పిలవొద్దు, ఎదురుగా వచ్చి మాట్లాడమని.

నడకలో వరుస ఇది: ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. వాకర్ నాలుగు కాళ్ళూ నేలకు ఆనాకే కాలు కదలాలి. వాకర్‌ని మరీ దూరం తోసేసి ముందుకు వంగి దాన్ని వెంటాడితే నడుము పోతుంది, పట్టూ పోతుంది. చేతులు కిందికి వదిలి నిలబడినప్పుడు మణికట్టు మడత దగ్గరికి వాకర్ పిడి రావాలి. నాలుగు కాళ్ళకూ బటన్లు ఒకే వరసలో పడ్డాయో లేదో చూడండి, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్న వాకర్లు ఎన్నో చూశాను. కింద రబ్బరు బుష్‌లు అరిగితే మార్చండి, మందుల షాపుల్లో దొరుకుతాయి. మడమ ముందు ఆనాలి, తర్వాత వేళ్ళు. ఎడమ కాలిని వేళ్ళ మీద మోపి ఎత్తేసుకుంటుంటే భయపడుతున్నారని అర్థం. "బరువు వేయమ్మా, లోపలిది గట్టిగానే ఉంది" అని చెప్పాలి, డాక్టరు పూర్తి బరువు వేయవచ్చని ఉంటే.

ఒకేసారి పెద్ద దూరం వద్దు. రోజుకు ఐదారు సార్లు, ఐదేసి నిమిషాలు చాలు. నొప్పి మాత్ర రాసి ఉంటే నడవడానికి అరగంట ముందు వేయండి. నొప్పితో బిగుసుకుపోయిన మనిషిని నడిపించలేం. సాయంత్రానికి కాలు కొంచెం వాచి, రాత్రి పడుకున్నాక తగ్గడం మామూలే.

పక్కన నడిచేవాళ్ళు ఆపరేషన్ కాలి వైపు, అర అడుగు వెనగ్గా ఉండాలి. నడుముకు ఒక గట్టి టవలో చున్నీయో కట్టి, దాన్ని పట్టుకోండి. చంకలో చెయ్యి పెట్టి ఎత్తడం, చేతులు పట్టుకుని ముందుకు లాగడం మానండి. పడబోతే అవి ఆపలేవు, పైగా భుజం జారుతుంది. ఇంకో మాట, "పడతావ్ జాగ్రత్త, పడతావ్ జాగ్రత్త" అని వెనక నుంచి అంటూనే ఉంటారు చూడండి, దయచేసి అది ఆపించండి. బాత్రూంలో పడిన ఆ క్షణం ఆవిడ ఒంట్లో ఇంకా ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా కాలు బిగుస్తుంది. "నేనిక్కడే ఉన్నాను" అంటే చాలు.

బాత్రూం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఆవిడ పడింది అక్కడే కాబట్టి. పాత ఇళ్ళలో బాత్రూం తలుపు ఇరుకు, వాకర్ పట్టదు. అప్పుడు ఏం చేస్తారంటే వాకర్ బయట వదిలేసి గోడ పట్టుకుని లోపలికి వెళతారు. తడి నేల మీద, ఆధారం లేకుండా! తలుపు వెడల్పు, వాకర్ వెడల్పు ఇవాళే కొలవండి. పట్టకపోతే కొన్నాళ్ళు గదిలోనే కమోడ్ కుర్చీ పెట్టండి, ఆవిడ సిగ్గుపడినా సరే. అందులో చిన్నతనమేమీ లేదని మీరే చెప్పాలి. నేల మీద కూర్చునే దొడ్డి ఈ కాలానికి పూర్తిగా వద్దు. పట్టుకోవడానికి గోడలో బోల్టులతో బిగించిన స్టీలు రాడ్ ఉండాలి. టవల్ రాడ్, కుళాయి, వాష్ బేసిన్ బరువు ఆపవు, ఊడొస్తాయి.

స్నానం కుర్చీ మీద కూర్చునే చేయాలి, కాళ్ళకు రబ్బరు ఉన్న కుర్చీ. బకెట్ నేల మీద ఉంటే చెంబు ముంచినప్పుడల్లా వంగాల్సి వస్తుంది, దాన్ని ఇంకో స్టూలు మీద పెట్టండి. సబ్బు కింద పడితే తీసుకోవద్దని చెప్పి రెండోది అందేలా ఉంచండి. నీళ్ళు మీరో, సాయం చేసే మనిషో పెట్టాలి. కాళ్ళు, పాదాలు ఆవిడ వంగి కడుక్కోకూడదు. లంగా, నైటీ వేసుకునేటప్పుడు మంచం మీద కూర్చుని, ఎడమ కాలు ముందు, విప్పేటప్పుడు ఎడమ కాలు చివర. నైటీ నేలకు రాసుకోకుండా చీలమండ పైకి ఉండాలి. చీర కట్టుకోవాలనిపిస్తే కుచ్చెళ్ళు కాస్త ఎత్తుగా దోపండి. హవాయి చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్న చెప్పులు ఇవ్వండి.

డోర్ మ్యాట్లన్నీ తీసేయండి. గడప దగ్గర ప్రత్యేకంగా చూడాలి. పెద్దవాళ్ళు పసుపు రాసి బొట్లు పెట్టిన గడపను తొక్కరు. దాటడానికి పెద్ద అడుగు వేస్తారు. ఆ పెద్ద అడుగే ప్రమాదం. వాకర్ నాలుగు కాళ్ళూ గడప అవతల ఆనాక, దగ్గరగా వచ్చి నిలబడి, ఎడమ కాలు, తర్వాత కుడి కాలు. ఎత్తైన గడపైతే మొదట్లో ఎవరైనా పక్కన ఉండకుండా దాటనివ్వకండి. రాత్రి మంచానికీ కమోడ్‌కీ మధ్య చిన్న లైటు వెలుగుతూ ఉండాలి, కరెంటు పోతే చేతికందే చోట టార్చి ఉండాలి. లేచిన వెంటనే నడవనివ్వొద్దు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని లేవాలి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడుతుంటే ఇది ఇంకా అవసరం. బాత్రూంకు వెళ్ళాల్సి వస్తుందని చాలామంది అమ్మలు నీళ్ళు తాగడం తగ్గిస్తారు, పైకి చెప్పరు. మీరే గమనించండి. నీళ్ళు తగ్గితే తల తిరుగుతుంది, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తాయి.

వ్యాయామాలు తక్కువే చాలు గానీ రోజూ చేయాలి. పడుకుని పాదాలు పైకీ కిందికీ ఆడించడం, మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి. మోకాలి వెనక భాగాన్ని పరుపుకి నొక్కి ఐదు లెక్కపెట్టడం. పిరుదులు బిగించి వదలడం. నిలబడి వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, ఎడమ కాలిని పక్కకు చాపడం. కోత పక్క నుంచి చేసి ఉంటే ఈ ఆఖరిది మాత్రం డాక్టరు సరేనన్నాకే. అన్నిటికన్నా విలువైనది కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పొద్దున ఐదు సార్లు, సాయంత్రం ఐదు సార్లు. పడుకుని కాలు నిటారుగా పైకెత్తమని చాలాచోట్ల చేయిస్తారు. మొదటి వారాల్లో అది తుంటి మీద భారం ఎక్కువ వేస్తుంది, నేను చేయించను.

ఇప్పుడు అన్నయ్య అడిగింది. వాకర్ తీయడానికి తేదీ ఉండదండి, కాలే చెప్పాలి. ఎడమ కాలి మీద నిలబడినప్పుడు ఒళ్ళు కుడివైపుకు కుంగిపోకుండా పట్టి ఉంచేది ఎడమ తుంటి పక్కనుండే కండ. పడడం, ఆపరేషన్, మంచం, ఈ మూడింటితో అది బలహీనపడింది. నొప్పి తగ్గినంత మాత్రాన దానికి బలం వచ్చినట్టు కాదు. అది బలపడకముందే వాకర్ తీసేస్తే అడుగడుక్కీ ఒళ్ళు పక్కకు ఊగుతుంది, ఆ ఊగుడు అలవాటైపోతుంది, మళ్ళీ పడే ప్రమాదమూ పెరుగుతుంది. నేను చూసేది ఇవీ: వాకర్ మీద భారం వేయకుండా ఊరికే తాకినట్టు పట్టుకుని నడుస్తున్నారా? గట్టు మీద వేళ్ళు ఆనించి ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే పది లెక్కపెట్టేదాకా నిలబడగలుగుతున్నారా? కుర్చీలోంచి ఐదు సార్లు తడబడకుండా లేస్తున్నారా? ఈ మూడూ కుదిరితే చేతికర్రకు మారొచ్చు. చాలామందికి అది ఆరు వారాల ప్రాంతంలో వస్తుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది.

కర్ర కుడి చేతిలో పట్టుకోవాలి. ఆపరేషన్ అయిన వైపే పట్టుకోవాలని అందరూ అనుకుంటారు, అది తప్పు. తక్కెడలో ఒకవైపు దిగిపోతుంటే ఆ దిగే వైపు కింద ఆసరా పెడతాం కదా. ఎడమ కాలి మీద నిలబడితే ఒళ్ళు దిగేది కుడివైపుకు, కర్ర ఆ పక్క ఉంటేనే ఎడమ తుంటి కండకు పని తగ్గుతుంది. కర్ర, ఎడమ కాలు కలిసి ముందుకు రావాలి. కర్రతో మూడు నెలలు నడిచి తర్వాత వదిలేసేవాళ్ళున్నారు, బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఎప్పటికీ పట్టుకునేవాళ్ళూ ఉన్నారు. రెండూ మంచివే. ఏడాది దాకా కాలు మెరుగవుతూనే ఉంటుంది.

మెట్లకు ఒకటే గుర్తు: పైకి మంచి కాలు ముందు, కిందికి ఆపరేషన్ కాలు ముందు. ఒక చెయ్యి రెయిలింగ్ మీద, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలవాలి. సాయం చేసేవాళ్ళు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆవిడ కన్నా ఒక మెట్టు కిందే ఉండాలి. రెయిలింగ్ లేని మెట్లు ఇప్పుడే వద్దు.

పూజ దగ్గర బాసింపట్లు వేసుకుని కూర్చోవచ్చా అని అడిగారు. ఇప్పుడు వద్దు. గొంతుక్కూర్చోవడం, పీట మీద కూర్చోవడం కూడా వద్దు. తర్వాతయినా డాక్టరు చూసి చెబితేనే. దేవుడి పటాలనే ఒక ఎత్తైన బల్ల మీదికి మార్చండి, ఆవిడ కుర్చీలో కూర్చుని దీపం పెట్టుకుంటారు. నేను వెళ్ళే ఒక ఇంట్లో ఇలా మార్చిన రోజు నుంచే ఆ అమ్మ తనంతట తాను లేచి నడవడం మొదలుపెట్టారు, దీపానికి వేళవుతోందని. నడవమంటే నడవని మనిషికి నడిచి వెళ్ళాల్సిన చోటు ఒకటి ఉండాలి.

తిండి విషయంలో ఇళ్ళల్లో పెద్ద పొరపాటు జరుగుతోంది. చీము పడుతుందని పప్పు, గుడ్డు, వంకాయ అన్నీ మాన్పించి చారన్నం, బ్రెడ్డు పెడతారు. పప్పుతో చీము పట్టదు. పుండు మానాలన్నా కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 70 గ్రాములు అందాలి, చారన్నంతో అది ఎలా వస్తుంది? గట్టి పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, తినేవాళ్ళైతే చికెన్ పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరునడిగి పెట్టండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఫోరంలో అడుగుతూ కూర్చోకండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొక్కితే నొప్పి, వేడి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 108. కాలు హఠాత్తుగా పొట్టిగా అయినట్టు, మెలి తిరిగినట్టు కనబడి, భరించలేని నొప్పితో అడుగు వేయలేకపోతే గుండు జారి ఉండొచ్చు. ఎవరినీ లాగనివ్వకండి, నూనె పెట్టి తోమనివ్వకండి, పడుకోబెట్టి తీసుకెళ్ళండి. కుట్ల దగ్గర నుంచి నీరు కారినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఫోన్ చేసి చూపించండి. రక్తం పలచబడే మందు రాసి ఉంటే రాసినన్ని రోజులూ వాడాలి, బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపొద్దు.

ఒక సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. నిలబడిన ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముక ముందే గుల్లబారి ఉంది. ఒక తుంటికి ఆపరేషన్ చేయించి, ఆ ఎముకకు వైద్యం చేయించకుండా వదిలేస్తే రెండో తుంటికీ అదే జరగొచ్చు. క్యాల్షియం మాత్ర ఒక్కటే దానికి చాలదు. ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్ అవసరమా, విటమిన్ డి ఎంత ఉంది, ఎముక గుల్లబారకుండా మందు ఎప్పుడు మొదలుపెట్టాలి అని వచ్చే చెకప్‌లో అడగండి. ఎక్కువ ఇళ్ళల్లో ఎవరూ అడగరు. కళ్ళు కూడా చూపించండి, శుక్లాలుంటే బాత్రూంలో తడి కనబడదు.

ఈ వారం మీరు చేయాల్సింది మంచి కుర్చీ ఒకటి, నడుముకు టవల్, గదిలో కమోడ్ కుర్చీ, రాత్రి లైటు. తలుపు కొలిచి వెడల్పు రాయండి. అమ్మగారు కుర్చీలోంచి లేచేది, తిరిగేది, కూర్చునేది ఒకరు పక్కనుండగా ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీసి మీ డాక్టరుకో, దగ్గరున్న ఫిజియోకో చూపించండి. వాళ్ళేమన్నారో ఇక్కడ రాస్తే మిగతాది అప్పుడు చెబుతాను.